ప్రశ్నలు – జవాబులు: ఈసారి ఉత్తరాలన్నీ యానిస్ మీదే

పోయిన సంచికలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటగాడు యానిస్ అదెటోకుంబో గురించి అర పేజీ రాశాను. క్రికెట్ కాని ఆట మీద రాస్తే పాఠకులు పేజీ తిప్పేస్తారని మా ఆఫీసులో ఒక గట్టి నమ్మకం ఉంది. వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు చూశాక ఆ నమ్మకం కాస్త కదిలింది, అందుకే ఈసారి కాలమ్ మొత్తం అతనికే. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేశాను, తిట్లు తీసేశాను.

అన్నా, మా వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. యానిస్ ఏథెన్స్‌లో ఫుట్‌పాత్ మీద కళ్ళజోళ్ళు అమ్ముకునేవాడని, ఒక కోచ్ చూసి అమెరికా పట్టుకెళ్ళాడని, మర్నాటి నుంచి స్టార్ అయిపోయాడని. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

కళ్ళజోళ్ళు నిజం, మర్నాడు అబద్ధం తమ్ముడూ. ఇలాంటి మెసేజ్‌లు రాసేవాళ్ళకి మధ్యలో గడిచిన ఏళ్ళంటే ఎందుకో పడదు.

వాళ్ళ అమ్మానాన్నలు వెరోనికా, చార్లెస్ నైజీరియా నుంచి 1991లో గ్రీసు వెళ్ళారు. తండ్రి ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడినవాడు, తల్లి హైజంప్ చేసేది. పెద్ద కొడుకు ఫ్రాన్సిస్‌ని అవ్వాతాతల దగ్గర వదిలి వెళ్ళారు, మిగతా నలుగురూ (థనాసిస్, యానిస్, కోస్టాస్, అలెక్స్) గ్రీసులోనే పుట్టారు. యానిస్ పుట్టింది 1994 డిసెంబర్ 6న. ఏథెన్స్‌లో సెపోలియా అనే పేటలో అద్దె కొంపలు మారుతూ పెరిగారు. పెద్దవాళ్ళకి కాగితాలు లేవు కాబట్టి పక్కా ఉద్యోగం దొరకదు, దొరికిన పని చేయడం, అదీ లేనప్పుడు గడియారాలు, కళ్ళజోళ్ళు, బ్యాగులు వీధిలో అమ్మడం. పిల్లలూ వెంట వెళ్ళి అమ్మేవాళ్ళు. ఇంతవరకు మీ మెసేజ్ సరైనదే.

స్పిరోస్ వెల్లినియాటిస్ అనే స్థానిక కోచ్ 2007 ప్రాంతంలో ఈ అన్నదమ్ములు వీధిలో పరిగెత్తి ఆడుకుంటుంటే చూశాడు. ఆయన పెద్ద కోచ్ ఏమీ కాదు, అమెరికా సంగతి అసలే లేదు. పిల్లాడికి బాస్కెట్‌బాల్ మీద మోజు కూడా లేదు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మీ అమ్మానాన్నలకి పని చూపిస్తే వచ్చి ఆడతావా అని అడిగాడట ఆ కోచ్. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇదే. నీలో టాలెంట్ ఉంది, ప్రపంచాన్ని గెలుస్తావు అని ఊదరగొట్టలేదు, ఇంట్లో పొయ్యి వెలిగే మార్గం ముందు మాట్లాడాడు. అలా ఫిలాథ్లిటికోస్ అనే క్లబ్బులో చేరాడు. అక్కడ అన్న థనాసిస్‌తో కలిసి ఒకే జత బూట్లు పంచుకుని ఆడిన రోజులున్నాయి.

2012–13 నాటికి ఆ క్లబ్బు గ్రీసు రెండో డివిజన్‌లో ఆడుతోంది. మొదటి డివిజన్ కూడా కాదు, గమనించు. ఆ చిన్న జిమ్‌కే అమెరికా నుంచి స్కౌట్లు, అంటే కొత్త ఆటగాళ్ళని వెతికేవాళ్ళు, వరస కట్టారు. 2013 జూన్ 27న డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్తవాళ్ళని వరసగా ఎంచుకునే రోజున, 14 మందిని పిలిచాక 15వ పేరుగా మిల్వాకీ అనే ఊరి జట్టు బక్స్ ఇతన్ని తీసుకుంది. వీధి నుంచి డ్రాఫ్టుకి ఆరేళ్ళు పట్టింది, డ్రాఫ్టు నుంచి స్టార్ అనిపించుకోవడానికి ఇంకో మూడు, నాలుగేళ్ళు.

మా మనవడు డల్లాస్‌లో పుట్టాడు, పుట్టగానే అమెరికా పాస్‌పోర్టు వచ్చింది. ఈ అబ్బాయి గ్రీసులోనే పుట్టి పెరిగాడంటున్నారు, మరి పద్దెనిమిదేళ్ళ దాకా ఏ దేశమూ కాదని రాశారేమిటి? అచ్చుతప్పా?
– ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం

అచ్చుతప్పు కాదమ్మా. అమెరికాలో నేల మీద పుడితే పౌరసత్వం వస్తుంది, అందుకే మీ మనవడికి ఇబ్బంది లేకపోయింది. గ్రీసులో లెక్క వేరు, అక్కడ చూసేది రక్తసంబంధం. తల్లో తండ్రో గ్రీకు అయితే బిడ్డ గ్రీకు, ఆస్పత్రి ఏ ఊళ్ళో ఉందన్నది అనవసరం. యానిస్ అమ్మానాన్నలకి గ్రీసులో ఉండటానికే అనుమతి లేదు, పిల్లలకి నైజీరియా కాగితాలూ తీయించలేదు. దాంతో గ్రీకు బడిలో చదివి, గ్రీకు మాట్లాడి, గ్రీకు పేరు పెట్టుకున్న పిల్లలు ఏ దేశానికీ చెందకుండా ఉండిపోయారు. పోలీసు ఆపి కాగితాలు అడిగితే అమ్మానాన్నలను పంపించేస్తారేమో అన్న భయంతోనే ఆ ఇంట్లో ఏళ్ళు గడిచాయి.

పౌరసత్వం వచ్చింది 2013 మేలో. డ్రాఫ్టు జూన్‌లో. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి, నేను వేరే చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు లేకపోతే న్యూయార్క్ విమానం ఎక్కలేడు, ఎక్కకపోతే గ్రీసు పేరు ఎన్‌బీఏలో వినపడదు, కాబట్టి ఫైలు కదిలింది. అదే పేటలో, అదే బడిలో, బంతి వేయడం రాని నల్లపిల్లల ఫైళ్ళు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. అక్కడ బడిలో చదువుకున్న వలసవాళ్ళ పిల్లలు దరఖాస్తు చేసుకునేలా చట్టం 2015లో మారింది. దీని మీద మాత్రం నాకు గ్రీసు ప్రభుత్వాన్ని పొగడాలనిపించదు.

అదే కుర్రాడు 2024లో పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో సెన్ నది మీద పడవలో గ్రీసు జెండా పట్టుకున్నాడు. ఆ వరసలో ఎప్పుడూ ముందుండేది గ్రీసు పడవే కదా, ఒలింపిక్స్ పుట్టిల్లు కాబట్టి. టీవీలో అందరికంటే ముందు కనిపించిన పొడుగాటి మనిషి ఇతనే.

మొదటి ఏడాదే కోట్ల జీతం తీసుకున్నవాడు టాక్సీకి డబ్బుల్లేక పరిగెత్తాడని రాశారు. నమ్మబుద్ధి కావట్లేదు సార్.
– బ్యాంకు ఉద్యోగి, నిజామాబాద్

బ్యాంకులో ఉండి మీరు నమ్మకపోతే ఎలా సార్, జీతం పడిన రోజే ఇంటికి పంపేసి నెలంతా చేబదులు తీసుకునే వాళ్ళు మీ కౌంటర్ ముందే నిలబడతారు కదా.

2013 చలికాలం. మిల్వాకీ చలి అంటే ఎముకలు కొరికే చలి. కుర్రాడికి ఇంకా పందొమ్మిదేళ్ళు నిండలేదు. అమ్మానాన్న, తమ్ముళ్ళు ఇంకా ఏథెన్స్‌లోనే ఉన్నారు, వీసాలు రాలేదు. మ్యాచ్ ఉన్న రోజు డబ్బు పంపే వెస్టర్న్ యూనియన్ ఆఫీసుకి వెళ్ళి ఉన్న డబ్బంతా ఇంటికి పంపేశాడు. బయటికొచ్చి చూసుకుంటే జేబులో స్టేడియం దాకా వెళ్ళడానికి టాక్సీ డబ్బులు లేవు. ఎవరికైనా ఫోన్ చేసి కారు పంపమనొచ్చు కదా అని మనకి తోస్తుంది. అతనికి తోచలేదు. పల్చటి జాకెట్ వేసుకుని దారి వెంట పరుగు మొదలుపెట్టాడు. కారులో పోతున్న భార్యాభర్తలు ఈ పొడుగు మనిషిని గుర్తుపట్టి, బాబూ నువ్వు బక్స్ కుర్రాడివి కదా, ఎక్కు అని దింపి వచ్చారు. ఆ ఏడాది అతని జీతం దాదాపు 18 లక్షల డాలర్లు.

దీన్ని చాలామంది పొదుపు పాఠంగా చెబుతారు. పొదుపు కాదు, అలవాటు. చిన్నప్పటి నుంచి సంపాదించింది సంపాదించినట్టు ఇంట్లో ఇచ్చేసిన చేయి అది. మరికొన్ని నెలలకు వీసాలు వచ్చి ఇల్లంతా మిల్వాకీ చేరింది. తండ్రి మాత్రం ఎక్కువ కాలం లేడు, 2017 సెప్టెంబర్‌లో గుండెపోటుతో పోయాడు.

మొదట్లో ఆట ఎలా ఉండేది? వచ్చీరాగానే దుమ్ము రేపాడా?
– ఇంటర్ విద్యార్థి, హనుమకొండ

లేదు. తొలి సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 6.8 పాయింట్లు, 4.4 రీబౌండ్లు (బుట్టలో పడని బంతిని అందుకోవడం). జట్టు పరిస్థితి అంతకంటే ఘోరం, 82 మ్యాచ్‌ల్లో 15 గెలిచి 67 ఓడింది, లీగ్ మొత్తంలో ఆఖరు.

నా ఉద్దేశంలో యానిస్ అదృష్టం అక్కడే ఉంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ ఆలోచించు. గెలిచే జట్టులో పడి ఉంటే బెంచీ మీద కూర్చుని నీళ్ళ బాటిళ్ళు అందించేవాడు. ఎలాగూ ఓడుతున్న జట్టు కాబట్టి 77 మ్యాచ్‌ల్లో దింపారు, తప్పులు చేయనిచ్చారు. తర్వాత ఏళ్ళ సగటు చూడు: 12.7, 16.9, 22.9, 26.9, 27.7, 29.5. ఒక్క ఏడాది కూడా వెనక్కి తగ్గలేదు. కండ పట్టాడు, పొడుగు కూడా పెరిగాడు, డ్రాఫ్టు నాడు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు ఉన్నవాడు ఆరడుగుల పదకొండుకి వచ్చాడు. జేసన్ కిడ్ కోచ్‌గా ఉన్నప్పుడు ఇంత పొడుగు మనిషి చేతికి బంతి ఇచ్చి నువ్వే ఆట నడిపించు అన్నాడు. మామూలుగా ఆ పని జట్టులో పొట్టివాళ్ళది. 2017లో ఆ ఏడాది అందరికంటే మెరుగుపడిన ఆటగాడి అవార్డు వచ్చింది.

అతని ఆట చూడాలంటే రీబౌండ్ పట్టిన క్షణం నుంచి చూడు. తమ బుట్ట కింద బంతి అందుకుంటాడు, ఎవరికీ పాస్ ఇవ్వడు, తనే డ్రిబుల్ చేసుకుంటూ బయలుదేరతాడు. మిగతావాళ్ళు ఆరేడుసార్లు బంతి నేలకి కొట్టే దూరం ఇతను మూడు, నాలుగు దెబ్బల్లో దాటతాడు. ఎదుట ఒకడు అడ్డంగా నిలబడితే ఆఖరి రెండు అడుగులు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి వేస్తాడు. అవతలివాడు మొదటి అడుగుకి ఒరిగేలోపు రెండోది పడిపోతుంది. ఆ అడుగులు మనలాంటివాళ్ళవి కావు, మూడు పాయింట్ల గీత దగ్గర మొదలుపెడితే బుట్ట దగ్గర తేలతాడు.

అంత పొడుగు మనిషి, ఎవరూ అడ్డు లేనప్పుడు నిలబడి వేసే ఫ్రీ త్రోలు ఎందుకు పోగొడతాడు? మా కాలేజీ జట్టులో నేనే నూటికి ఎనభై వేస్తాను.
– కాలేజీ ప్లేయర్, కాకినాడ

ఎనభై వేస్తున్నావంటే శెభాష్. అయితే నువ్వు వేసేటప్పుడు ఇరవై వేలమంది గొంతెత్తి అంకెలు లెక్కపెట్టరు.

విషయం తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఫౌల్ జరిగితే 15 అడుగుల దూరం నుంచి, 10 అడుగుల ఎత్తున ఉన్న రింగులోకి, ఎవరూ అడ్డు రాకుండా వేసే షాట్ ఇది. ఎన్‌బీఏలో బంతి అందాక 10 సెకన్లలోపు వదలాలి. యానిస్‌కి ఒక తంతు ఉంది. ఊపిరి పీల్చడం, బంతి కొట్టడం, చేతులు ఆడించడం, మళ్ళీ ఊపిరి. అది కాస్తా పది సెకన్ల అంచు దాకా వెళ్ళేది. ఇది కనిపెట్టి 2021 ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర కప్పు కోసం జరిగే పోటీల్లో, బ్రూక్లిన్, అట్లాంటా, ఫీనిక్స్ ఎక్కడికెళ్ళినా స్టేడియం మొత్తం వన్, టూ, త్రీ అని అరవడం మొదలుపెట్టింది. చూస్తున్న మనకే టెన్షన్ వచ్చేది, వేసేవాడి సంగతి చెప్పాలా?

విచిత్రం ఏమిటంటే అతను మొదట్లో బాగానే వేసేవాడు. 2016–17లో 77 శాతం, 2019–20కి వచ్చేసరికి 63. కండ పెరిగి, మీద పడే ఫౌళ్ళు పెరిగి, దాని మీద జనం గోల పెరిగి అలా అయిందని నా అంచనా, ఇదమిత్థమని ఒక్క కారణం చూపించలేం. చేతులు పొడుగైతే మోచేయి దగ్గర వచ్చిన చిన్న వంకర వేళ్ళ చివరికొచ్చేసరికి పెద్దదవుతుంది, అదీ ఒకటి.

నీకు పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను. నువ్వు ఆడేది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్ కదా, అక్కడ పది కాదు, ఐదే సెకన్లు. గ్రీసు జట్టు తరఫున ఆడేటప్పుడు యానిస్ కూడా ఆ తంతు కుదించుకోవాల్సిందే. తంతు ఉండటం మంచిదే, పొట్టిగా పెట్టుకో.

2021 ఫైనల్ గురించి రెండు లైన్లలో తేల్చేశారు. నాలాంటి అభిమానులు ఇంకా ఎదురుచూశారు. కాస్త వివరంగా రాయండి.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, షికాగో (మాది నల్గొండ)

మిల్వాకీ మీకు గంటన్నర డ్రైవే కదా, మీరే నాకు చెప్పాలి. సరే, రాస్తాను.

అసలు 2019, 2020 రెండేళ్ళూ లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడు ఇతనే, ఎంవీపీ. 2017లో పాతతరం స్టార్ కోబీ బ్రయంట్‌ని నాకూ ఏదైనా చాలెంజ్ ఇవ్వమని ఇతను అడిగితే ఆయన ఒక్క ముక్కలో ఎంవీపీ అన్నాడు, రెండేళ్ళలో అది కొట్టాడు. ఆ తర్వాత చాంపియన్‌షిప్ అన్నాడు కోబీ. అదే కుదరలేదు. 2019లో టొరాంటో మీద రెండు మ్యాచ్‌లు గెలిచి ఆపైన వరసగా నాలుగు ఓడారు. 2020లో మయామీ చేతిలో చిత్తు. అవార్డులే గానీ కప్పు లేదని దెప్పడం మొదలైంది, చిన్న ఊరు వదిలేసి పెద్ద ఊరి జట్టుకి పోతాడని అందరూ తేల్చేశారు. అతను 2020 డిసెంబర్‌లో మిల్వాకీతోనే ఐదేళ్ళకి 22.8 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నాడు. అప్పటికి ఎన్‌బీఏ చరిత్రలో అదే అతి పెద్దది, మన లెక్కలో 1,600 కోట్ల రూపాయల పైమాట.

మరుసటి వేసవిలో అట్లాంటాతో నాలుగో మ్యాచ్. గాల్లోకి లేచి దిగేటప్పుడు ఎడమ మోకాలు వెనక్కి, తప్పు దిక్కుకి వంగింది. ఆ వీడియో నేను రెండోసారి చూడలేను, మీరూ చూడకండి. ఏడాది పాటు ఆట లేనట్టే అనుకున్నారు అందరూ. లిగమెంట్లు తెగలేదని స్కాన్‌లో తేలింది. వారం తిరిగేసరికి ఫీనిక్స్‌లో ఫైనల్స్ మొదటి మ్యాచ్‌కి దిగాడు.

మొదటి రెండూ ఓడారు. తర్వాత మూడు గెలిచారు. నాలుగో మ్యాచ్ చివర్లో ఫీనిక్స్ ఆటగాడు డిఆండ్రే ఏటన్ కోసం రింగు పైకి బంతి విసిరితే, యానిస్ ముందు బంతి విసిరేవాడి వైపు ఉన్నాడు, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి, ఎగిరి, బంతిని రింగులో దూర్చబోతున్న చేతి దగ్గరే బంతిని ఆపేశాడు. రెండు వారాల కింద వెనక్కి వంగింది ఆ కాలే.

జూలై 20, మిల్వాకీలో ఆరో మ్యాచ్. స్టేడియం లోపల ఎంతమందో, బయట పెద్ద తెరల ముందు అంతకు మూడింతలకు పైగా, 65 వేలమంది. యానిస్ 50 పాయింట్లు, 14 రీబౌండ్లు, 5 బ్లాకులు (అవతలివాళ్ళ షాట్‌ని ఆపేయడం). 105–98. 1971 తర్వాత ఆ ఊరికి మళ్ళీ కప్పు వచ్చింది, యాభై ఏళ్ళకి. ఇందాకటి కాకినాడ తమ్ముడు కూడా చదువుతుంటే వినాలి, ఆ రాత్రి ఫ్రీ త్రోలు 19 వేసి 17 లోపల పడేశాడు.

మర్నాడు పొద్దున్నే ట్రోఫీలు కారులో పెట్టుకుని కారులోంచే తిండి కొనుక్కునే ఒక డ్రైవ్‌త్రూకి వెళ్ళి 50 చికెన్ నగ్గెట్స్ ఆర్డర్ చేశాడు. నలభై తొమ్మిది కాదు, యాభై ఒకటి కాదు, సరిగ్గా యాభై. ఇదంతా ఫోన్లో లైవ్ పెట్టి జనానికి చూపించాడు. కోట్లున్నవాడి విజయోత్సవం ఇంత చవకగా నేనెక్కడా చూడలేదు.

ఆటలో ఓటమి అనేదే లేదని అన్నాడట కదా. ఓడినవాళ్ళందరూ చెప్పే సాకే ఇది. మీరూ వెనకేసుకొస్తున్నారు.
– రిటైర్డ్ పీఈటీ, అనంతపురం

మాస్టారూ, మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను.

జరిగింది ఇది. 2023 ఏప్రిల్‌లో బక్స్ తమ వైపు, అంటే తూర్పు జట్లలో, అగ్రస్థానంలో ఉండి, ఎనిమిదో స్థానంలో వచ్చిన మయామీ చేతిలో మొదటి రౌండులోనే 4–1తో ఓడింది. మీకు తెలుసు, ఇలా జరగడం అరుదు. మ్యాచ్ అయ్యాక ఒక విలేకరి ఈ సీజన్ ఫెయిల్యూరేనా అని అడిగాడు. యానిస్ తల పట్టుకుని, నీకు ప్రతి ఏడాదీ ప్రమోషన్ వస్తుందా, రాని ఏడాది నువ్వు ఫెయిలైనట్టా అని ఎదురడిగాడు. మైకేల్ జోర్డన్ 15 ఏళ్ళు ఆడి ఆరు కప్పులు గెలిచాడు, మిగతా తొమ్మిదేళ్ళూ ఫెయిల్యూరేనా అన్నాడు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది, మన ఆఫీసుల్లో మేనేజర్లు కూడా మీటింగుల్లో వేసుకుంటున్నారు.

మాట బాగుంది. ఆరేళ్ళు నేర్చుకుని, ఇంకో నాలుగేళ్ళు ఎదిగినవాడు అలా అనడంలో అర్థమూ ఉంది. కానీ ఆ ఆఖరి మ్యాచ్‌లో అతను ఫ్రీ త్రోలు 23 వేసి 13 పోగొట్టాడు. ఆ మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌లో రెండు పాయింట్ల తేడాతో పోయింది. మాస్టారు ఎర్రపెన్నుతో చుట్టే చోటే అది. ఇంకో సంగతి, ఓటమి లేదన్న ఆ మాట యాజమాన్యం చెవికెక్కలేదు, వారం దాటగానే కోచ్ మైక్ బూడెన్‌హోల్జర్‌ని పంపేశారు. రెండేళ్ళ కింద కప్పు తెచ్చిన కోచ్! అంటే వేదాంతం స్టార్‌కి చెల్లుతుంది, కోచ్‌కి చెల్లదు. మీరు అనంతపురంలో ఎన్ని జట్లు తయారుచేసి ఉంటారో, ఓడితే మాట పడింది ఎవరో మీకు నేను చెప్పేదేముంది.

మా బాబు తొమ్మిదో తరగతి, అప్పుడే ఆరడుగుల ఒక అంగుళం. చదువు పక్కనపెట్టి పూర్తిగా బాస్కెట్‌బాల్‌లో వేయమని ఒక కోచ్ గట్టిగా చెబుతున్నారు. ఎన్‌బీఏ దాకా వెళ్ళగలడంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

ఆడించండమ్మా, తప్పకుండా ఆడించండి. చదువు మాత్రం ఆపకండి.

లెక్క చెబుతాను, మీరే చూసుకోండి. ఎన్‌బీఏలో 30 జట్లు, జట్టుకి 15 పక్కా చోట్లు, మొత్తం 450. డ్రాఫ్టులో ఏటా తీసుకునేది అటూ ఇటూగా 60 మందిని, అదీ ప్రపంచం మొత్తం మీద. మన దేశం నుంచి డ్రాఫ్టయిన మొదటి ఆటగాడు సత్నామ్ సింగ్. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లె, ఏడడుగుల రెండంగుళాలు. లూధియానా అకాడమీలో నేర్చుకుని, పద్నాలుగేళ్ళకే అమెరికా వెళ్ళి, 2015లో 52వ ఆటగాడిగా డల్లాస్ మావెరిక్స్‌కి ఎంపికయ్యాడు. ఆ రోజు దేశమంతా పండగ చేసుకుంది. ఎన్‌బీఏ సీజన్‌లో అతనికి ఒక్క మ్యాచ్ కూడా దొరకలేదు. కింది లీగులో కొన్నాళ్ళు ఆడాడు, తర్వాత డోపింగ్ కేసులో నిషేధం పడింది, ఆ తర్వాత అమెరికాలో ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్ళాడు. ఎత్తు చాలదని కాదు, అంత ఎత్తుండీ చాలలేదు.

మన దగ్గర ఈ ఆటతో బతుకు వెళ్ళదీసే దారి వేరే ఉంది, దాన్ని చిన్నచూపు చూడకండి. రైల్వే, ఆర్మీ, పోలీస్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ లాంటి సంస్థలకి జట్లు ఉంటాయి. స్పోర్ట్స్ కోటాలో సీటు, ఆపైన ఉద్యోగం, దానితోపాటు ఆట. దానికి మార్కుల కాగితం కావాలి కదా.

ఆ కోచ్‌ని మూడు విషయాలు అడగండి. మా వాడు ఎడమ చేత్తో డ్రిబుల్ చేయగలడా, పొట్టివాళ్ళు చేసే పనులు కూడా నేర్పుతున్నారా లేక ఎత్తుగా ఉన్నాడని బుట్ట కింద నిలబెట్టేస్తున్నారా, మోకాళ్ళ నొప్పి అంటే ఏం చేస్తున్నారు? ఈ వయసులో ఎముక గబగబా సాగుతుంది, మోకాలి చిప్ప కింద నొప్పి మామూలే. నొప్పి మీద ఆడించేవాళ్ళ దగ్గర ఉంచకండి, అవసరమైతే ఎముకల డాక్టరుకి చూపించండి. యానిస్ బాస్కెట్‌బాల్ పట్టింది పన్నెండు, పదమూడేళ్ళకి, అప్పటిదాకా వీధిలో ఫుట్‌బాల్ ఆడాడు. మీ వాడికి మించిపోయిందేమీ లేదు, తొందరేమీ లేదు.

అన్నదమ్ములు అందరూ ఎన్‌బీఏలోకి వచ్చారట. రికమండేషనా?
– పేరు రాయని పాఠకుడు, తెనాలి

కొంచెం. థనాసిస్ బక్స్‌లో అన్నేళ్ళు ఉండటానికి తమ్ముడి మొహమాటం లేదని నేను ప్రమాణం చేయను. కోస్టాస్ మాత్రం 2020లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టులో ఉండి యానిస్ కంటే ముందే చాంపియన్ ఉంగరం తెచ్చుకున్నాడు, అక్కడ అన్న సిఫార్సు పనిచేయదు. 2021లో యానిస్, థనాసిస్‌లకీ వచ్చాయి. ముగ్గురు అన్నదమ్ములు ఎన్‌బీఏ చాంపియన్లు కావడం అదే మొదటిసారి. 2025లో యూరప్ దేశాల పోటీ యూరోబాస్కెట్‌లో ఫిన్లాండ్ మీద గెలిచి గ్రీసు కంచు పతకం తెచ్చుకున్నప్పుడు మాత్రం సిఫార్సు గురించి ఎవరూ మాట్లాడలేదు, 2009 తర్వాత ఆ పోటీలో ఆ దేశానికి అదే మొదటి పతకం.

అతను మిల్వాకీలోనే రిటైరవుతాడా?
– ముగ్గురు అడిగారు

జోస్యం నా పని కాదు. ఓడిన ప్రతి వేసవిలోనూ పుకార్లు వస్తాయి, కొన్ని అతనే పుట్టిస్తాడని కూడా నా అనుమానం.

మ్యాచ్‌లు మన టైముకి ఎప్పుడు వస్తాయి? రాత్రి మేలుకోవాలా?
– వ్యాపారి, వరంగల్

మేలుకోనక్కర్లేదు, పెందలాడే లేవాలి. మిల్వాకీలో రాత్రి ఏడింటికి మొదలయ్యే ఆట మనకి చలికాలంలో పొద్దున ఆరున్నరకి, వాళ్ళు గడియారాలు ముందుకి జరిపాక ఐదున్నరకి. అక్టోబర్‌లో సీజన్ మొదలై ఏప్రిల్ దాకా 82 మ్యాచ్‌లు, ఆపైన ప్లేఆఫ్స్ జూన్ వరకు. లాస్ ఏంజెలెస్ వైపు ఆడే రోజుల్లో ఇంకో రెండు గంటలు ఆలస్యం, అంటే మీరు షాపు తెరిచేవేళకి మూడో క్వార్టర్ నడుస్తుంటుంది.